నీతి చెప్పని చేపలు

సంక్రాంతి వచ్చేసరికి మన కాలిఫోర్నియా తీరం వెంబడి బూడిదరంగు తిమింగలాలు దక్షిణానికి సాగిపోతుంటాయి. ఆర్కిటిక్ చలి నుంచి బయల్దేరి మెక్సికోలోని బాహా తీరపు వెచ్చటి మడుగులకు చేరి, అక్కడ పిల్లల్ని కని, వసంతంలో మళ్లీ ఇదే దారిన ఉత్తరానికి వెళ్తాయి. రానూ పోనూ 16,000 కిలోమీటర్ల పైమాటే. ఇవే నెలల్లో ఆంధ్ర తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రెండు తీరాలకూ ఒకే రుతువులో పని పడింది కదా అని, ఈ సంక్రాంతి సంచికలో పిల్లల పేజీలను సముద్రానికి కేటాయించాం. ముగ్గులూ గొబ్బెమ్మలూ ఎక్కడికీ పోలేదు, లోపలి పేజీల్లో ఉన్నాయి.

పాయింట్ రేయిస్ లైట్‌హౌస్ దగ్గర నిలబడి తిమింగలాల కోసం చూసే పిల్లలకు ఒక చిక్కు ఉంది. బొమ్మల పుస్తకాల్లో వాళ్లు చూసిన తిమింగలం నీలంగా ఉంటుంది, నవ్వుతుంటుంది, నడినెత్తి నుంచి ఫౌంటెన్‌లా నీళ్లు చిమ్ముతుంటుంది. ఇక్కడ కనిపించేది వేరు. వీపు మీద రెక్క ఉండదు, తోక వైపు వరసగా బుడిపెలుంటాయి, ఒంటినిండా బార్నకిల్స్ పట్టిన తెల్లమచ్చలు. పైకి లేచేది నీళ్లు కాదు, ఊపిరి. చల్లగాలి తగిలి ఆవిరై కనిపిస్తుంది. అసలుదాన్ని చూసి పిల్లలు నిరాశపడితే తప్పు ఆ బొమ్మ గీసినవాళ్లది, కొనిచ్చిన మనది కూడా.

జంతువు కథ అనగానే మనకు నీతి గుర్తొస్తుంది. కొంగనూ ఎండ్రకాయనూ, కోతినీ మొసలినీ అడ్డం పెట్టుకుని లోకం పోకడ చెప్పిన పంచతంత్రం గొప్పదే. కానీ అది రాజకుమారులకు రాజనీతి నేర్పడానికి పుట్టిన పుస్తకం. అందులోని ఎండ్రకాయను చూసి ఎండ్రకాయ ఎలా బతుకుతుందో తెలుసుకోలేం. ఇక మన పిల్లలందరూ వినే ఏడు చేపల కథలో చేపలు మొదటి వాక్యాల్లోనే ఒడ్డెక్కి ఎండకు చేరతాయి. వాటిలో ఒక చేప ఎందుకు ఎండలేదన్నదే గొడవంతా, ఎలా ఈదిందో ఎవరూ అడగరు.

ఇంగ్లీషు పుస్తకాలూ ఈ జబ్బుకు అతీతం కాదు. స్విట్జర్లాండ్ రచయిత మార్కుస్ ఫిస్టర్ 1992లో తెచ్చిన ‘రెయిన్‌బో ఫిష్’ మనలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటుంది. తన మెరిసే పొలుసుల్ని ఒక్కొక్కటే పంచిపెట్టి స్నేహితుల్ని సంపాదించుకునే చేప కథ అది. పొలుసుల తళుకు పిల్లలకు మహా ఇష్టం. నాకు మాత్రం చదివిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. పొలుసంటే చేపకు కవచం కదా!

దాని పక్కన ఎరిక్ కార్ల్ ‘మిస్టర్ సీహార్స్’ (2004) పెట్టి చూడండి. సముద్రపు గుర్రాల్లో ఆడది గుడ్లను మగదాని పొట్టసంచిలో పెడుతుంది, మోసి కనేది తండ్రే. కార్ల్ దీనికి ఏ ఉపదేశమూ అంటించలేదు. ఆ తండ్రిని ఈదిస్తూ, గుడ్లను నోట్లో పెట్టుకుని కాచే తండ్రిలాంటి మరికొన్ని చేపల్ని ఎదురు తెచ్చాడంతే. మధ్యమధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ పుట మీద అచ్చువేసిన నాచునో రాయినో తిప్పితే వెనక దాక్కున్న చేప బయటపడుతుంది. కాస్త పెద్ద పిల్లలకైతే కేథరిన్ రాయ్ ‘నైబర్‌హుడ్ షార్క్స్’ (2014). మన శాన్‌ఫ్రాన్సిస్కోకు పడమరగా ఉన్న ఫారలాన్ దీవుల దగ్గర తెల్ల సొరచేపలు సీళ్లను ఎలా వేటాడతాయో బొమ్మలతో విడమరిచిన పుస్తకం. నెత్తురుంది. సొర దుర్మార్గురాలన్న మాట లేదు.

అసలు పరీక్ష తాబేలు దగ్గర వస్తుంది. ఆలివ్ రిడ్లీ తల్లి ఇసుక తవ్వి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, కప్పెట్టి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. తిరిగి చూడదు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని వస్తాయి. అవి ఆడవో మగవో తేల్చేది ఇసుక వేడి. వేడి ఎక్కువైతే ఆడపిల్లలెక్కువ. చీకట్లో వెలుతురు కనిపించే దిక్కును సముద్రమనుకుని పరుగెడతాయి. అందుకే బీచి రోడ్డు దీపాలు వాటికి గండం. విశాఖ తీరంలో అటవీశాఖ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగిస్తుంది. చెన్నైకి చెందిన వన్యప్రాణి చిత్రాల దర్శకుడు శేఖర్ దత్తాత్రి ఈ తాబేళ్ల మీద ‘ది రిడిల్ ఆఫ్ ది రిడ్లీ’ అని పిల్లల పుస్తకం రాశారు, తూలిక వాళ్లు వేశారు.

“అమ్మ ఎందుకు వెళ్లిపోయింది?” అని పిల్లలు అడిగి తీరతారు. మన నీతికథల లెక్కన ఆ తల్లి నేరస్థురాలు. ఇక్కడి ఆన్యో న్యూవో తీరంలో ఏనుగు సీలు తల్లి కూడా తాను తిండి మానేసి నాలుగు వారాలు పాలిచ్చి, ఆ తర్వాత బిడ్డను ఒడ్డున వదిలి సముద్రంలోకి పోతుంది. పిల్ల తన కొవ్వే తిని, తనంతట తానే ఈత నేర్చుకుంటుంది. పురుటికీ పెంపకానికీ అమ్మమ్మల్ని వీసా మీద రప్పించుకునే మనకు ఇది మింగుడుపడదు. అయినా సర్దిచెప్పకండి. “వాటి పద్ధతి అంతే” అని ఊరుకుంటే, తర్వాతి ప్రశ్న పిల్లలే వేస్తారు. ఆ ప్రశ్న కోసమే కదా పుస్తకం.

ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకాలే, తెలుగు మాటేమిటని అడిగేవారున్నారు. బొమ్మల పుస్తకంలో సగం కథ బొమ్మలోనే ఉంటుంది. జాన్ క్లాసెన్ ‘దిస్ ఈజ్ నాట్ మై హ్యాట్’లో పెద్ద చేప నిద్రలేవదని చిన్న చేప ధీమాగా చెబుతుంటే, బొమ్మలో పెద్ద చేప కన్ను తెరుచుకునే ఉంటుంది. ఇంగ్లీషు రాని తాతయ్య కూడా దాన్ని తెలుగులో బ్రహ్మాండంగా చెప్పగలడు. అసలు భీమిలి, ఉప్పాడ, బందరు వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లకు పీత నడకా, సొర పన్నూ, టేకు చేప తోక ముల్లూ పుస్తకాల వాళ్లకంటే బాగా తెలుసు. వాళ్లనెవరూ అడగకపోవడమే లోటు.

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి పిల్లల పుస్తకాలను ఉచితంగా చదువుకోవచ్చు, అనువదించవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. పగడపు దిబ్బల్లోకి దిగే రాజీవ్ ఐప్ ‘డైవ్!’ అక్కడే ఉంది. చేత్తో స్క్రీన్‌ప్రింట్ చేసిన పుస్తకం చూడాలంటే తారా బుక్స్ వేసిన రాంభరోస్ ఝా ‘వాటర్‌లైఫ్’ తెప్పించుకోండి. మిథిలా శైలిలో పీతలూ చేపలూ ఉంటాయి. ధర కొంచెం ఎక్కువే, మన సంఘం గ్రంథాలయానికి ఒకటి చాలు.

ఆ గ్రంథాలయంలో పిల్లల అరకు పుస్తకాలిచ్చే సభ్యులకు ఒక్క మనవి: చివరి పేజీలో నీతి ఉందో లేదో చూడకండి, తిమింగలం తలమీద ఫౌంటెన్ ఉందేమో చూడండి. ఈ సంచిక నడిమి పేజీలో మాటల్లేకుండా సముద్రం బొమ్మ ఒకటి వేశాం. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా దానికి కథ చెబితే, ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. యాసను దిద్దకుండా, ఉన్నదున్నట్టు ఉగాది సంచికలో అచ్చువేస్తాం.