సకినాలతో పాటు ఒక కబురు

సంక్రాంతికి నెల ముందు నుంచే మా పేజీకి సకినాలు రావడం మొదలవుతుంది. తినేవి కావు లెండి, రాసినవి. జగిత్యాల నుంచి ఒకరు, కోరుట్ల నుంచి ఒకరు, సిరిసిల్ల నుంచి మరొకరు. కొలతలు ఎవరివి వారివే. కిలో బియ్యానికి పావుకిలో నువ్వులని ఒకరంటే, ‘పావుకిలో ఏం సరిపోతుందండీ, ఇంకో గుప్పెడు పడాల్సిందే’ అని మరొకరు. ఒకప్పుడు ఇవన్నీ పోస్టుకార్డుల మీద వచ్చేవి. ఇప్పుడు ఎక్కువగా ఫోనుకే వస్తున్నాయి, ఫోటోతో సహా.

ఆ కార్డుల్లో నేను ముందుగా వెతుక్కునేది వంటను కాదు. వంట రాయడం అయిపోయాక, మిగిలిన కాస్త జాగాలో ఇరికించిన రెండు మూడు మాటలను. ‘పెద్దపిల్లకు నెలలు నిండినయి, కొండగట్టు అంజన్న దయతో మంచిగున్నది.’ ‘మావారు మస్కట్ వెళ్లి రెండేళ్లు, ఈ పండక్కీ రావడం లేదు.’ ‘సాంచాలు బందున్నయి, అందుకే ఈసారి తక్కువ చేసినం.’ సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. పేజీలో చోటు తక్కువ కదా, ఇలాంటి మాటలన్నీ తీసేసి కొలతలు మాత్రం అచ్చు వేసేవాళ్లం. తీసేసింది వేరెవరో కాదు, నేనే.

అలా కొట్టేసిన వాటిలో ఒకటి ఇప్పటికీ నన్ను వదలదు. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చిన కార్డు అది. సద్దుల బతుకమ్మనాడు చేసే మలీద గురించి. రొట్టెను వేడి మీదే చిదిమి, బెల్లం కలిపి, నెయ్యి వేసి ముద్దలు కట్టే తీరు చక్కగా రాసింది. చివర ఒక మాట: ‘ఈ ఏడు మేము బతుకమ్మ పేర్చలే. పిల్లలు అడిగితే మలీద మాత్రం చేసిన.’

బతుకమ్మ పేర్చలేదంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని మన ఆడవాళ్లకు విడమరిచి చెప్పాలా? నాకూ అర్థమైంది. అర్థమయ్యే కొట్టేశాను. మలీద అచ్చయింది, ఆమె పేరుతోనే. ఎవరు పోయారమ్మా అని ఒక్క ముక్క జవాబైనా రాయలేదు.

మిగతావాళ్ల సంగతి ఏమో గాని, నాకైతే ఈ భాష చిన్నప్పుడే తెలుసు. మాది కోరుట్ల. 1970లలో ఎడారి దేశాల్లో చమురు డబ్బుతో కట్టడాలు మొదలయ్యాక మా వైపు నుంచి మగవాళ్లు దుబాయి దారి పట్టారు. వాళ్లు షార్జా పోయినా, మస్కట్ పోయినా, కువైట్ పోయినా ఊళ్లో వాళ్లకు అంతా దుబాయే. ఇళ్లల్లో ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. వాడకట్టులో చదువుకున్న ఆడపిల్లలు తక్కువ కావడంతో ఉత్తరాలు రాసే పని నాకు పడింది. సాయంత్రం బీడీల లెక్క అప్పజెప్పి వచ్చి నా పక్కన కూచునేవాళ్లు.

వాళ్లు చెప్పేదంతా వంటలూ మొక్కులే. ‘సంక్రాంతికి కుంచెడు బియ్యం పోసినమని రాయి బిడ్డా.’ అంటే పంపిన డబ్బు ముట్టింది, ఇల్లు నడుస్తోంది అని. ‘ఈసారి మానెడే పోసినమని రాయి.’ అంటే వడ్డీ వాడు గడపలో కూచున్నాడని. ‘పిల్లగానికి బాగైతే యేములాడ రాజన్నకు కోడె కడతనని మొక్కుకున్న’ అని ఒకామె చెప్పింది. పిల్లవాడికి ఏమైందో మాత్రం రాయనివ్వలేదు. దూరాన ఉన్న మనిషి బెంగపడతాడని భయం. అయినా కోడె మొక్కు ఊరికే ఎవరు మొక్కుతారు? చదివినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉంటుందా?

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా చిన్నబాపు 1987లో షార్జా పోయాడు, వీసాకు అప్పు చేసి. ఆయనకు వాళ్లమ్మ, అంటే మా నాయినమ్మ, ప్రాణం. నాయినమ్మ సకినాలకు వాడలో పేరుండేది. కొత్త బియ్యం రాత్రంతా నానబోసి, పొద్దున వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టించేది. పిండి ఆరిపోతే చుట్టు తెగిపోతుంది. జల్లించిన పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు వేసి నీళ్లు చిలకరిస్తూ మెత్తగా కలిపేది. నేల మీద ఉతికిన పాత ధోవతి పరిచి, ముందు పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టేది. ఆ తర్వాతే సకినం. పిండిని వేళ్ల మధ్య సన్నగా మెలితిప్పుతూ గుండ్రంగా చుట్టుకుంటూ పోవడమే. చెప్పడానికి తేలికే. మొదటిసారి చుట్టిన రోజు నావి సకినాల్లా కాదు, తెగిన తాళ్లలా వచ్చాయి. ధోవతి తడిని పీల్చుకునేదాకా ఆగి అప్పుడు నూనెలో వెయ్యాలి. తొందరపడితే పేలి మొహాన పడతాయి.

అందరూ మూడు చుట్లు పెడితే నాయినమ్మ నాలుగు పెట్టేది. కొసను బొటనవేలితో లోపలికి నొక్కేది. ‘తోక కనపడొద్దు’ అనేది.

1988 కార్తీకంలో నాయినమ్మ పోయింది. చిన్నబాపుకు సెలవు లేదు, అప్పు తీరలేదు, పాస్‌పోర్టు పనిచేసే చోటే ఉంది. ‘చెప్తే ఆడ ఒక్కడే ఏడుస్తడు. రాలేడు. చెప్పి ఏం లాభం?’ అన్నాడు బాపు. నేను ఉత్తరం రాశాను. ‘నాయినమ్మకు మోకాళ్ల నొప్పులు తప్ప అందరం క్షేమం’ అని నా చేత్తోనే రాశాను. అప్పటికి నాకు పదమూడేళ్లు.

సంక్రాంతి వచ్చింది. ఏటి సూతకం ఉన్న ఇల్లు, మూకుడు పెట్టం. కానీ సకినాలు పంపకపోతే ఆయనకు తెలిసిపోతుంది. అందుకని పక్కింటి అత్తమ్మను అడిగి ఒక డబ్బా నిండా తెచ్చింది అమ్మ. సెలవు మీద వచ్చి తిరిగి షార్జా పోతున్న వెనక వీధి సాయిబు అన్న చేతికిచ్చాం. ఏటా రంజాన్‌కు వాళ్ల సేమియా మా ఇంటికీ, సంక్రాంతికి మా సకినాలు వాళ్లింటికీ నడిచేవి. ఆ ఏడు ఇటు నుంచి ఏమీ పోలేదని ఆయనకూ తెలుసు. ‘ఏమీ చెప్పకు తమ్మీ’ అని బాపు చేతులు పట్టుకుంటే తల ఊపాడు.

నెల తిరగకుండా చిన్నబాపు ఉత్తరం వచ్చింది. ఎప్పుడూ రెండు పేజీలు రాసే మనిషి నాలుగు ముక్కలు రాశాడు. ‘సకినాలు ముట్టినయి. మూడు చుట్లున్నయి. కొసలు బయటికున్నయి. అవ్వ ఎప్పుడు పోయింది?’

ఉత్తరాలు రాసేది నేనే, వచ్చినవి చదివేదీ నేనే. ఇంటిల్లిపాదీ చుట్టూ కూచుంటే పైకి చదివాను.

1990లో ఆయన వచ్చాడు. బాపుతో గొడవేమీ పడలేదు. ‘నాకు ఏడ్చే దినం లేకుండ చేస్తిరి గదనే’ అన్నాడు, అంతే. బాపును నేను ఈ రోజుకీ తప్పు పట్టలేను. తమ్ముడి మీద ప్రేమతోనే చేశాడు. కానీ ఆ ఉత్తరం మళ్లీ రాయమంటే మాత్రం రాయను.

ఇందుకు ఎదురుగా మా అక్క కథ ఉంది. అక్కను సిరిసిల్లలో ఇచ్చారు. బావకు సాంచాల మీద పని. ఆమె ఆడబిడ్డది పక్కనే వేములవాడ. ఊళ్లన్నిటా సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజయితే వేములవాడలో ఏడో రోజే ఆడతారు. దానితో అక్కడి కోడళ్లకు రెండు సద్దులు దొరుకుతాయి, అత్తింట్లో ఒకటి, పుట్టింట్లో ఒకటి. కబుర్లు కూడా అలాగే ఒక చెరువుగట్టు నుంచి ఇంకో చెరువుగట్టుకు చేరతాయి. బతుకమ్మను నీళ్లలో వదిలాక ‘ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం’ అంటూ నువ్వుల సద్ది, పల్లీల సద్ది పంచుకుంటారు చూడండి, ఆ కాసేపు మగవాళ్లుండరు, అత్తలు దూరంగా ఉంటారు.

2000 దాటిన తొలి ఏళ్లలో ఒకసారి అక్కడే ఆడబిడ్డ అక్క చేతిలో సద్ది పెడుతూ చెవిలో అడిగింది: ‘అన్నకు అప్పైందట వదినా, నీకెరికేనా?’ అక్కకు ఎరుక లేదు. అప్పుల బాధ తాళలేక నేతన్నలు ప్రాణాలు తీసుకుంటున్న రోజులవి. అక్క ఆ రాత్రే బావను కూచోబెట్టి అడిగింది. మొదట కోపం, తర్వాత ఏడుపు. పుస్తెలతాడు తాకట్టు పెట్టారు, మా ఇంటి నుంచి కొంత సర్దారు, తీర్చడానికి నాలుగేళ్లు పట్టింది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్లకు వచ్చినప్పుడు అక్క ఫోను చేసి తన ఆరోగ్యం సంగతి చెప్పలేదు, నా ఆరోగ్యం అడగలేదు. ‘సాంచాలు రాత్రింబగళ్లు నడుస్తున్నయే’ అంది. దానికంటే క్షేమ సమాచారం ఏముంటుంది?

ఇప్పుడు ఉత్తరాలు లేవు, వీడియో ఫోన్లున్నాయి. దాపరికం ఏమన్నా తగ్గిందా అంటే నాకు అలా కనిపించదు. ఇక్కడామె ఫోను సకినాల పళ్లెం వైపు తిప్పుతుంది, ఆసుపత్రి కాగితాల వైపు తిప్పదు. అక్కడాయన ఉతికిన చొక్కా వేసుకుని మాట్లాడతాడు. జీతం మూడు నెలలుగా రావడం లేదన్న మాట రానివ్వడు. భర్త పనిచేసే కంపెనీ పేరేమిటని అడిగితే ‘దుబాయి’ అని చెప్పే చెల్లెళ్లను నేను ఈమధ్యే చూశాను.

అందుకే పండగ కబుర్లలో ఈ నాలుగూ కూడా అడిగి పెట్టుకోమంటాను. కంపెనీ పేరు, అక్కడి గుర్తింపు కార్డు నంబరు, పాస్‌పోర్టు నకలు, బీమా కాగితం. కూలి పనులకు ఎమిగ్రేషన్ అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు వస్తాయి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇవ్వాలని 2024లో తెలంగాణ ప్రభుత్వం కూడా నిర్ణయించింది. ఏది అడగాలన్నా ముందు కాగితం చేతిలో ఉండాలి. అపశకునం మాటలు పండగ పూట ఎందుకని అత్తగారు కసురుకోవచ్చు. కసురుకోనివ్వండి. నకలు తీసి బియ్యం డబ్బాలోనో దేవుడి అరలోనో పెట్టుకోండి. రాజన్న ఏమీ అనుకోడు.

ఇక మా పేజీ సంగతి. ఈ సంక్రాంతికి వచ్చే వంటల్లో చివరి మాటలు కొట్టేయం. చోటు చాలకపోతే ఒక వంట తగ్గిస్తాం. కొలతలెలాగూ అమ్మల దగ్గర దొరుకుతాయి. మీ ఇంటి కబురు రాయండి, మొక్కుకున్నది ఎందుకో రాయండి, ఈ ఏడు మూకుడు పెట్టకపోతే అదీ రాయండి. పేరు వద్దంటే ఊరి పేరు చాలు. మలీద రాసిన ఆ తల్లి ఇది చదువుతుంటే ఇంకోసారి రాయాలి. ఈసారి జవాబు వస్తుంది.

ముందుగా నా కబురు. చిన్నబాపు కోరుట్లలోనే ఉంటున్నాడు. చూపు మసకబారి నాలుగైదేళ్లుగా సకినాన్ని కళ్లతో చూడలేక వేలితో తడిమి చుట్లు లెక్కపెట్టుకునేవాడు. నేను చుట్టినవి ఇప్పటికీ మూడో చుట్టు దాటితే వంకర పోతాయి. ఆ సంగతీ వేలికే తెలిసేది ఆయనకు. పోయిన నెల కంటి ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. ఈ పండక్కి చూసే లెక్కపెడతానంటున్నాడు. శనివారం బియ్యం నానబోస్తున్నాం, అడ్డెడు.