మామునూరున రక్షక హెలికాప్టరు

శత్రువును గూల్చిన వీరునికి దేశము హారతు లెత్తుట న్యాయమే. మృత్యుముఖమున నున్నవానిని ఎత్తుకొనివచ్చిన వీరునికిని ఆ మర్యాదయే చెల్లవలెనని మా యభిప్రాయము. మొదటివాని చేత ఆయుధముండును. రెండవవాడు తరచు నిరాయుధుడై గుండ్ల యెదుటికి పోవలసియుండును.

హెలికాప్టరు యుద్ధరంగమున ప్రాణరక్షణకు మొట్టమొదట వినియోగపడినది మన పొరుగుననే. 1944 ఏప్రిలులో కార్టర్ హర్మన్ అను అమెరికా సేనాధికారి అస్సామునుండి బయలుదేరి, బర్మా యడవులలో జపాను సైన్యముల వెనుక చిక్కిన నలుగురిని వెలికి తెచ్చెను. వారిలో ముగ్గురు అస్వస్థులైన బ్రిటిషు సైనికులు. ఒకడు నేలకు దిగవలసివచ్చిన విమానపు చోదకుడు. హర్మన్ నడపిన యంత్రము తనతోపాటు మఱియొక్కనిని మాత్రమే మోయగలది. ఎండవేడిమికి ఇంజను మొరాయించెను. అయినను ఆయన మఱల మఱల పోయి యొక్కొక్కరినే తెచ్చెను. 1999లో కార్గిల్ యుద్ధమున మన గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ అను వనితలు చీతా హెలికాప్టర్లను నడపి క్షతగాత్రులను తరలించిరి. ఆ హెలికాప్టర్లకు ఎదురుకాల్పులు జరుపు ఆయుధములు లేవు.

ఈ ధైర్యమును ఓరుగల్లు సీమ కన్నులార చూచినది. 2020 ఆగస్టులో భూపాలపల్లి జిల్లా కుందనపల్లిచెంత చలివాగు చుట్టుముట్టిన పదిమంది రైతులను వాయుసేన హెలికాప్టరు పైకెత్తెను. 2023 జూలైలో నైన్‌పాకవద్ద వరదనడుమ జేసీబీపై నిలిచిన ఆరుగురిని అట్లే రక్షించెను. ఆ దినములలోనే మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తగా జనులు మిద్దెలపైకెక్కి ప్రాణములు నిలుపుకొనిరి, కొందరు కొట్టుకొనిపోయిరి.

కావున కొఱత ధైర్యమున లేదు, దూరమున నున్నది. వరదలో పగవాడు కాలమే. మోరంచపల్లికి హైదరాబాదుచెంతనున్న హకీంపేటనుండి ఎంత దూరమో, మామునూరునుండి అందులో సగముకూడ లేదు. నిజాముకాలపు మామునూరు విమానాశ్రయమునకు 2025లో కేంద్రప్రభుత్వమువారు మఱల అనుమతి నొసంగిరి. ప్రయాణికుల విమానములకు పొడవైన రన్‌వే కావలెను. హెలికాప్టరునకు అది యక్కఱలేదు. కనుక ప్రయాణికుల విమానములకొఱకు వేచియుండక, వానకాలము ప్రవేశించినది మొదలు సెప్టెంబరు ముగియువఱకు ఒక హెలికాప్టరును, శిక్షితులైన చోదకులను, త్రాడుతో జనులను పైకెత్తు సిబ్బందిని, ఇంధనమును అచట సిద్ధముగా నుంచవలెనని మేము కోరుచున్నాము.

ఏడాదిలో పెక్కుదినములు ఊరక నిలుచు యంత్రమున కింత వ్యయమా యని కొందఱందురు. అగ్నిమాపకశకటముకూడ ఊరకయే నిలుచును. అందులకై దాని నెవరైన అమ్మివేయుదురా? చోదకుడు తన ప్రాణమును పణముగా నొడ్డుటకు సిద్ధముగానున్నాడు. ఆతడు వేళకు చేరునట్లు చేయుట ప్రభుత్వముల విధి. ఆ విధిని జ్ఞాపకము చేయుట ఓరుగల్లు పౌరుల విధి. దండలు, సన్మానపత్రములు పిమ్మట నీయవచ్చును. ఇండ్ల కప్పులపై నిలిచి ఆకాశమువంక చూచువారిని ఎక్కువసేపు వేచియుండనీయకుండుటయే ఆ వీరులకు తగిన సన్మానము.