ఏది పడలేదో రాయండి

రోగ నిర్ధారణ కోడ్లు ఇన్సూరెన్సు కంపెనీల గొడవ, అమెరికా వ్యవహారం అనే మాట మదనపల్లెలో విన్నాను, పుంగనూరులో విన్నాను, కుప్పంలోనూ విన్నాను. ఓపీ ముందు అంత జనం ఉంటే డాక్టరు రోగిని చూస్తాడా, రాస్తూ కూర్చుంటాడా అని చదువుకున్నవాళ్ళే అడుగుతున్నారు. ఫలితం చీటీల మీద కనిపిస్తూనే ఉంది. దురద వచ్చినా, ఉబ్బసం వచ్చినా, ఇంజెక్షన్ వికటించినా చీటీ మీద పడేది ఒకే ఒక్క మాట: అలర్జీ. దేనివల్ల వచ్చింది, ఒంటికి ఏమైంది, ఎప్పుడైంది అన్నవి ఉండవు.

ఈ వాదన తప్పు. అలర్జీకి తొలి వైద్యం, పడని వస్తువు జోలికి మళ్ళీ పోకపోవడం. ఆ వస్తువు పేరే కాగితం మీద లేకపోతే రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు అదే మందు మళ్ళీ ఎక్కిస్తాడు. రెండోసారి ఒళ్ళు ఎలా తిరగబడుతుందో ఎవరూ చెప్పలేరు.

అమెరికా వ్యవహారం అనేవాళ్ళకు మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం సంగతి గుర్తుచేయాలి. అక్కడి యూనియన్ మిషన్ క్షయ శానిటోరియానికి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ సారథి. క్షయ అనుకున్న రోగుల్లో కొందరికి దగ్గు, జ్వరం, ఆయాసం అన్నీ ఉన్నాయి, ఎక్స్‌రేలో మచ్చలూ ఉన్నాయి, కఫంలో మాత్రం క్షయ క్రిమి లేదు. రక్తం చూస్తే ఈసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. ఫ్రిమోట్ మోలర్, ఆయనతో కలిసి పనిచేసిన బార్టన్ ఇద్దరూ వీళ్ళను క్షయ రోగుల నుంచి విడదీసి, ఇది క్షయలా కనిపించే వేరే జబ్బని 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో దాన్ని ట్రాపికల్ ఈసినోఫీలియా అన్నాడు. దోమకాటుతో ఒంట్లో చేరే ఫైలేరియా పురుగు పిల్లల మీద శరీరం హద్దు మీరి తిరగబడటమే దీనికి కారణమని తర్వాత తేలింది. డైఇథైల్‌కార్బమజైన్ మాత్రలు దీనికి మందయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల కోడ్ల పట్టిక ఐసీడీ-10లో ఇది జె82 కింద ఉంటుంది. పరాయిదంటున్న ఆ పట్టికలోని ఈ గడికి ఆరోగ్యవరం మంచాల మీద పడుకున్న రోగుల రక్తపరీక్షల లెక్కలు కూడా ఒక ఆధారం. వాళ్ళందరి పేర్ల పక్కనా ‘దగ్గు’ అని రాసి వదిలేసి ఉంటే ఈ జబ్బును వేరుగా గుర్తుపట్టడమే జరిగేది కాదు.

ఇప్పుడు మన పొలాలకు వద్దాం. గట్ల మీది వయ్యారిభామ మొక్క తగిలి చర్మం మందంగా, నల్లగా మారిన రైతు జబ్బుకు ఎల్23.7 అనే కోడు ఉంది. అలర్జీ ఉబ్బసానికి జె45.0, అలర్జీ దద్దుర్లకు ఎల్50.0, సరిగ్గానే ఇచ్చిన మందుకు వచ్చే ప్రాణాంతక షాకుకు టి88.6, పెన్సిలిన్ పడదన్న పాత చరిత్రకు జెడ్88.0 ఉన్నాయి. వివరం తెలియని అలర్జీకి టి78.4 ఉంది. మన చీటీలన్నిటికీ కోడ్లు వేస్తే ఎక్కువ భాగం ఈ చివరిదానిలోనే పడతాయి. పట్టుపురుగుల పెంపకం మన ప్రాంతపు బతుకు. పట్టు సీతాకోకల రెక్కల నుంచి రాలే పొలుసులు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉబ్బసం తెప్పిస్తాయని వైద్యశాస్త్రానికి ఎప్పటి నుంచో తెలుసు. ఆ పనిచేసే అమ్మ ఆయాసంతో వస్తే ఆమె ఏం పని చేస్తుందో కూడా రాయకపోతే, ఎంతమంది ఆ పనివల్లే జబ్బుపడ్డారో ఏనాటికీ తెలియదు. తెలియనిదానికి ప్రభుత్వాన్ని ఎవరు నిలదీస్తారు?

పాముకాటు సంగతి ఇంకా తీవ్రం. విషానికి విరుగుడుగా ఇచ్చే మందును గుర్రపు రక్తం నుంచి తీస్తారు కాబట్టి కొందరికి అదే షాకు తెప్పిస్తుంది, వెంటనే అడ్రినలిన్ ఇచ్చి బతికిస్తారు. ఆ సంగతి డిశ్చార్జి కాగితం మీద తప్పకుండా ఉండాలి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. ఇవాళ ఇక్కడ చూపించుకున్న మనిషి రేపు వేలూరుకో, కోలారుకో, బెంగళూరుకో పోతాడు. సీరం వల్ల వచ్చే షాకుకు ఉన్న టి80.5 కోడు రాసి మందు పేరు రాస్తే తెలుగు రాని డాక్టరుకూ అర్థమవుతుంది.

టైము లేదన్న మాటలో నిజం ఉంది, కాదనను. కానీ మందు పేరు, ఏమైంది, ఏ తేదీ అన్నది ఒక్క వరుస రాత. నర్సు అడిగి రాయొచ్చు, డాక్టరు సంతకం పెట్టొచ్చు. మదనపల్లె మండీలో టమోటా అమ్మిన రైతుకిచ్చే పట్టీ మీద ఎన్ని క్రేట్లు, ఏ ధర, కమీషన్ ఎంత అన్నీ ఉంటాయి. మండీలోనూ జనం తక్కువేమీ కాదు.

ఇంకో వాదన ఉంది: అందరూ అలర్జీ అంటారు, అన్నీ రాస్తే ఉన్నదీ లేనిదీ కలిసిపోతుందని. నేను అడుగుతున్నదీ వివరమే కదా. పెన్సిలిన్ పడదని పేరుపడ్డవాళ్ళను పరీక్షిస్తే దాదాపు పదిలో తొమ్మిది మందికి అది పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. వివరం లేని ‘అలర్జీ’ ముద్రతో వాళ్ళకు మంచి మందు దూరమై, ఖరీదైనవి, ఘాటైనవి అంటగడుతున్నారు. వాంతైందా, దద్దుర్లొచ్చాయా, గొంతు వాచి ఊపిరాడలేదా అన్నది రాసి ఉంటే ఆ ముద్రను తర్వాత ఎవరైనా సరిచేయగలరు.

నాకు బాధ కలిగించేది మరొకటి. మన పిల్లలు చెన్నైలో, హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు చేస్తున్నారు. అమెరికా రోగికి వేరుశనగ పడదంటే దానికి జెడ్91.010 అని విడిగా కోడు వేస్తారు. చెనక్కాయ పండించే నేలలో వాళ్ళ అమ్మానాన్నల చీటీలకు ఆ శ్రద్ధ లేదు. అక్కడి మనిషి ప్రాణానికి అవసరమైన రాత ఇక్కడి మనిషికి అనవసరం ఎలా అవుతుంది?

ఇంజెక్షన్ వికటించి మనిషి పోతే మరణ కారణ ధ్రువపత్రంలో ‘గుండె ఆగింది’ అని రాయడం మానాలి. ఆ ఫారమే అలా రాయొద్దని చెబుతోంది. మందు వికటించిన ప్రతి సంగతినీ 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలపాలి. డాక్టరు పంపకపోతే నర్సు పంపొచ్చు, ఫార్మసిస్టు పంపొచ్చు, రోగి ఇంటివాళ్ళూ పంపొచ్చు. ఉచిత నంబరు 1800-180-3024.