మేనిఫెస్టోలో రైతు, జీవోలో పట్టాదారు

కిందటి వీడియోలో ఘన జీవామృతం గురించి చెబుతూ, "మన నాయకులు మాట తప్పరండీ, మాటకి అర్థం మార్చేస్తారు" అన్నాను. అదేంటో వివరంగా చెప్పమని కొందరు అడిగారు.

గెలిచాక అన్నీ మర్చిపోతారనేది పూర్తి నిజం కాదు. 1983లో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. 2004 మే 14న ప్రమాణ స్వీకారం చేసిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది. (కాలువ కింద ఉన్న మన తణుకు వాళ్ళకి దాంతో పెద్ద పనిలేదు గానీ మెట్ట రైతుకి అది ప్రాణం.)

పేచీ అంతా షరతుల దగ్గరే. 2014లో రుణమాఫీ అన్నారు. కుటుంబానికి లక్షన్నర అని హద్దు పెట్టి, విడతలు చేశారు. చివరి రెండు విడతలు అందకుండానే 2019లో ప్రభుత్వం మారింది, కొత్తవాళ్ళు ఆ జీవోనే రద్దు చేశారు. వాళ్ళు మాత్రం? రైతు భరోసా 12,500 అని, 13,500 ఇచ్చారు. పెంచినట్టే ఉంది కదా? అందులో 6,000 కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ డబ్బులు. 2024లో 20,000 అన్నారు. మొదటి ఏడాది గడిచిపోయింది. 2025 ఆగస్టులో మొదలుపెట్టారు, ఇందులోనూ ఆ 6,000 కలిసే ఉంది.

నాకున్న రెండెకరాలకి డబ్బులు పడ్డాయి, కాదనను. గట్టుకి అవతల ఐదెకరాలు మగతాకి చేసే ఆయనకి పడలేదు. సార్వా, దాళ్వా రెండూ బురదలో దిగేది ఆయనే. ఓటు అడిగేటప్పుడు ఆయనా రైతే. జీవో వచ్చేసరికి రైతంటే పట్టాదారు. కౌలు కార్డు ఉంటే వస్తుందంటారు. 2019 చట్టం ప్రకారం కార్డుకి భూయజమాని సంతకం కావాలి, దాని గడువు 11 నెలలు. కార్డు వల్ల భూమి మీద హక్కేమీ రాదని చట్టంలో ఉన్నా యజమాని భయం యజమానిది, సంతకం పెట్టడు. పైగా రైతు భరోసాలో, కార్డున్నా సరే, ఓసీ కౌలు రైతుకి రాలేదు.

ఇది మన ప్రకృతి సేద్యానికే దెబ్బ. 2018లో ముఖ్యమంత్రి ఒక మాట ఇచ్చారు, 2024కల్లా 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు ప్రకృతి వ్యవసాయంలోకి వస్తారని. 2024 వచ్చి వెళ్ళింది, ఆ అంకె దరిదాపులకి కూడా పోలేదు. అదే ఏడాది మన రాష్ట్ర ప్రకృతి సేద్యానికి పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, సంతోషమే. కానీ డెల్టాలో ఎందుకు పాకడం లేదో చూడండి. నవధాన్యాలు చల్లి, జీవామృతం పోసి నేల గుల్లబారాలంటే రెండు మూడేళ్ళు పడుతుంది. ఈలోపు ఎకరాకి రెండు బస్తాలు ఎక్కువిస్తానన్నవాడికి చేను వెళ్ళిపోతుంది. ఆయన వచ్చి యూరియా చల్లుతాడు. 11 నెలల కార్డున్నవాడు నేలని ఎందుకు బాగుచేస్తాడండీ? మన శిక్షణలన్నీ పట్టా ఉన్నవాడి నేల మీదే నిలుస్తున్నాయి.

కోర్టుకి వెళ్ళొచ్చు కదా అంటారు. మేనిఫెస్టో హామీ చట్టం ప్రకారం అవినీతి కిందికి రాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పేసింది. డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారో పార్టీలు చెప్పాలని ఆ తర్వాత ఎన్నికల సంఘం నియమావళిలో చేర్చింది. చెప్పకపోతే ఏం చేస్తారు? ఏమీ చెయ్యరు.

అందుకే ఈసారి ఓటు అడగడానికి వచ్చినవాళ్ళని ఎంతిస్తారని అడగొద్దు. రైతంటే ఎవరు, పట్టా ఉన్నవాడా, చేలో దిగేవాడా అని అడగండి. యజమాని సంతకం లేకుండా మూడేళ్ళ కౌలు కార్డు ఇస్తారా, మేనిఫెస్టోలో ఆ ముక్క రాస్తారా అని అడగండి. జవాబుని సెల్‌ఫోన్లో వీడియో తీసి దాచుకోండి.

తణుకు చుట్టుపక్కల మగతా చేల్లో ప్రకృతి సేద్యం చేస్తున్నవాళ్ళు ఉంటే కబురు చెయ్యండి. వచ్చే వీడియో మీ చేలోనే తీద్దాం.