యంత్రం మొరాయిస్తే నేరం తెలుగుదా?

హోసూరు నుంచి పర్లాకిమిడి వరకు మన సంఘాల గదులలో ఒక ఫిర్యాదు తరచుగా వినవస్తున్నది: "పాత కంప్యూటరులో తెలుగు వచ్చే లినక్సు వేయించాము. ఆ తరువాత అది లేవనే లేదు. తెలుగు మనకు అచ్చిరాలేదు." న్యాయవాదిగా నా అభ్యంతరం ఈ చివరి వాక్యం మీదనే. సాక్ష్యం చూడకుండా చెప్పిన తీర్పు ఇది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 వంటి అర్హతలు కోరుతున్నది. అందుచేత పనిచేస్తున్న యంత్రాలెన్నో మూలపడుతున్నాయి. వాటిలో ఉచితంగా లభించే లినక్సును నెలకొల్పి, పిల్లలకు తెలుగు రాయడం నేర్పాలనుకోవడం సరైన ఆలోచనే. కానీ మొదటి చిక్కు రాగానే దుకాణదారు మాట విని వెనుకంజ వేస్తున్నాము.

ఆ చిక్కులు సాధారణంగా నాలుగు రకాలు. మొదటిది, వరుసక్రమం. కంప్యూటరు ముందుగా ఏ డిస్కును చూడాలో బయోస్‌లో నిర్ణయించి ఉంటుంది. పెన్ డ్రైవ్ తీసివేసి, లినక్సు ఉన్న డిస్కును మొదటి స్థానంలో పెట్టాలి. రెండవది, పద్ధతుల వైరుధ్యం. పాత బయోస్ పద్ధతికి లెగసీ అనీ, కొత్తదానికి యూఈఎఫ్ఐ అనీ పేర్లు. ఒక పద్ధతిలో స్థాపించి మరొక పద్ధతిలో లేపబోతే, లినక్సును లేపే గ్రబ్ దానికి కనిపించదు. స్థాపించిన పద్ధతినే బయోస్‌లో ఎంచుకోవాలి. సెక్యూర్ బూట్ అడ్డుపడుతుంటే దానిని ఆపి చూడాలి. మూడవది, మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కు పోతుంది. పై సర్దుబాట్లు కూడా చెరిగిపోవచ్చు. కొత్త బ్యాటరీ వేస్తే సరి. నాలుగవది, నల్లని తెర. గ్రబ్ పట్టికలో ఇంగ్లీషు 'ఈ' మీట నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అనే పదాన్ని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కలిపి రాసి, ఎఫ్10 నొక్కితే చాలాసార్లు తెర వెలుగుతుంది.

మళ్ళీ మొత్తం తుడిచి వేయించే ముందు, స్థాపనకు వాడిన పెన్ డ్రైవ్‌తోనే యంత్రాన్ని తాత్కాలికంగా నడిపి, డిస్కులోని పిల్లల రాతలను వేరొక చోట భద్రపరచాలి.

ఈ నాలుగింటిలో భాష ప్రసక్తి ఎక్కడున్నది? తెర మీదికి తొలి తెలుగు అక్షరం రాకముందే జరిగే తగాదా ఇది. ఇంగ్లీషులో స్థాపించినా ఆ యంత్రం అలాగే మొరాయించేది. 1991లో వెలువడిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు స్థానమున్నది. కంప్యూటరుకు తెలుగు కొత్త కాదు.

1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలంటున్నది. వాటికోసం అర్జీలు పెడుతూనే ఉన్నాము, పెడతాము కూడా. కాని మన గదిలోని కంప్యూటరును లేపుకోవడానికి ఎవరికీ అర్జీ పెట్టనక్కరలేదు. ప్రతి సంఘంలోనూ ఇద్దరు యువకులో యువతులో ఈ నాలుగు పరీక్షలు నేర్చుకొని, వాటిని తెలుగులో రాసి గోడకు అంటించాలని నా విన్నపం. ఇకమీదట "తెలుగు వేస్తే పాడైంది" అని ఎవరైనా అంటే, ఈ నాలుగింటిలో ఏది చూశారని అడగండి.