నవ్వుతారు కదా అన్నా!

గ్రూప్‌లో పాటలు ఎంచుకునే యాప్ చేయడం పెద్ద కష్టమేం కాదు. అందరూ పాటలు యాడ్ చేస్తారు, లైకులు కొడతారు, ఎక్కువ లైకులొచ్చిన పాట మోగుతుంది. స్పాటిఫైలో 2023 నుంచి జామ్ ఉంది కదా, 32 మంది దాకా ఒకే క్యూలో పాటలు పెట్టుకోవచ్చు. కష్టమంతా ఇలాంటి యాప్‌ని టెస్ట్ చేయడంలోనే ఉంది.

యూజర్ టెస్టింగ్ అనగానే మా ఫీల్డ్‌లో అందరూ చెప్పే మాట ‘ఐదుగురు చాలు’. జేకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క అది. ఐదుగురికి విడివిడిగా ఇచ్చి చూస్తే దాదాపు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయట. బ్యాంక్ యాప్‌కైతే ఓకే. కానీ ఒకే బొలేరోలో కూర్చున్న ఐదుగురు ఐదుగురు యూజర్లు కాదండీ, ఒక్క యూజర్! మనకి కావాల్సింది ఐదు బళ్లు.

అందుకే మా ప్రోటోటైప్‌ని ఆఫీసు రూంలో కాకుండా నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్లే బళ్లలో పెట్టి చూశాం. చలికాలంలో మంచు చూడ్డానికి తెల్లారకముందే బయల్దేరే కుటుంబాలు, ఫ్రెండ్స్ గ్యాంగులు.

మొదటి బండిలో ఆరుగురు. పెద్ద బావ పెట్టిన పాటకి ఆరుకి ఆరు లైకులు. డేటా చూస్తే సూపర్ హిట్! వెనక సీట్లో టెన్త్ చదివే అమ్మాయి మాత్రం ప్రతిసారీ బావ పేరు పక్కన లైక్ పడ్డాకే తనూ నొక్కుతోంది. టీకి ఆగినప్పుడు విడిగా అడిగితే తన ఫేవరెట్లు గబగబా చెప్పింది. ఒక్కటీ యాడ్ చేయలేదు.

‘ఏం, ఎందుకు పెట్టలేదమ్మా?’

‘నవ్వుతారు కదా అన్నా!’

తర్వాతి బండికి పేర్లు కనిపించకుండా చేశాం. ‘ఎవర్రా ఈ పాట పెట్టింది?’ అని కాసేపు గోల. ఎవరూ ఒప్పుకోలేదు. కానీ అప్పటిదాకా రాని పాటలన్నీ వచ్చాయి. ఘాట్ ఎక్కాక సిగ్నల్ పోయింది, అది వేరే కథ. పాటలు డౌన్‌లోడ్ చేసుకున్నవాడే రాజు.

మేం లెక్కలోకే తీసుకోని మనిషి ఇంకొకరున్నారు. ‘నన్నడగరేటి బాబూ? నిద్రాపుకుని తోలాల్సింది నేను కదా!’ అన్నాడు డ్రైవర్ బాబాయ్. నిజమే. ఆయన చేతులు స్టీరింగ్ మీదుంటే ఓటెలా వేస్తాడు?

ఈ చిక్కుకి దారి 1998లోనే ఉంది. అమెరికాలో మెకార్తీ, అనాగ్నోస్ట్ అనే ఇద్దరు ఒక జిమ్ కోసం మ్యూజిక్‌ఎఫ్ఎక్స్ అనే సిస్టమ్ చేశారు. ఏ రకం సంగీతం ఎంత ఇష్టమో, ఎంత చిరాకో సభ్యులు ముందే మార్కులేసి ఇస్తారు. లోపల ఎవరెవరున్నారో చూసుకుని సిస్టమే స్టేషన్ మారుస్తుంది. నలుగురి ముందు చెయ్యెత్తే పని లేదు. ఓటింగ్ కంటే నాకు ఇదే నచ్చింది.

ఇప్పుడు మా యాప్‌లో డ్రైవర్ ఇష్టాలు బండి కదలకముందే తీసుకుంటున్నాం. పేర్లు కనిపించవు. ‘ఎవరు ఏది పెట్టారో చూసే ఆప్షన్ ఇవ్వండి బ్రో’ అని ప్రతి బండిలోనూ ఒకరు అడుగుతూనే ఉన్నారు. వాళ్లే బ్లూటూత్ కనెక్ట్ చేసినవాళ్లు కూడా. ఆ ఆప్షన్ మాత్రం ఇవ్వట్లేదు.