పెద్దమ్మ అడిగిన ప్రశ్న

పోయిన ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేసింది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి రెండేళ్లు. అప్పట్నుంచీ రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది.

"ఒరేయ్, నాకు అవి ఆగిపోయి పన్నెండేళ్లయింది. ఇంకా ఆ హార్మోన్ ఎక్కడిదిరా ఒంట్లో? ఈ మాత్రతో కీళ్లు పీకేస్తున్నాయి. మానేస్తాను" అంది.

"మానకు" అనైతే అనేశాను. ఎందుకు మానకూడదో చెప్పడానికి మాత్రం రాత్రంతా కూర్చుని చదవాల్సి వచ్చింది.

అండాశయాలు రిటైరైపోయినా ఒంట్లో ఈస్ట్రోజన్ తయారీ ఆగదు. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఆ పని చేస్తూనే ఉంటుంది. లెట్రోజోల్ ఆపేది దాన్నే. అయితే ఇంకో దారి కూడా ఉంది. రక్తంలో ఈస్ట్రోన్ సల్ఫేట్ తిరుగుతూ ఉంటుంది. సల్ఫేట్ అంటుకుని ఉన్నంతసేపూ అది బీరువాలో దాచిన డబ్బు. ఉంటుంది కానీ ఖర్చుకి రాదు. స్టెరాయిడ్ సల్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఆ సల్ఫేట్‌ని తెంపేసిందంటే బీరువా తెరుచుకున్నట్టే. ఈ ఎంజైమ్ రొమ్ము కణితుల్లోనూ ఉంటుంది.

మరి దాన్నీ ఆపేస్తే? బ్రిటన్‌లో బాత్ యూనివర్సిటీకి చెందిన బారీ పాటర్, లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మైకేల్ రీడ్ ఏళ్ల తరబడి దీని వెంటే పడ్డారు. 1990ల్లో తయారైన ఎమేట్ అనే పదార్థం, తాళంలో విరిగిన చెవిలా, ఆ ఎంజైమ్‌ని మళ్లీ పనిచేయకుండా చేసేసింది. తీరా ఎలుకలకిచ్చి చూస్తే అదే ఈస్ట్రోజన్‌లా పనిచేసింది! కంచే చేను మేసిందన్నమాట.

దాంతో స్టెరాయిడ్ కాని ఇరోసుస్టాట్‌ని తయారుచేశారు. 14 మంది మహిళలతో చేసిన మొదటి ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి. కణితుల్లో ఎంజైమ్ దాదాపు పూర్తిగా ఆగింది. కొందరికి కొన్ని నెలలపాటు జబ్బు ముదరలేదు. అంతవరకే. రొమ్ము క్యాన్సర్‌కి మందుగా అది ఇప్పటికీ మెడికల్ షాపుల దాకా రాలేదు.

తర్వాతి ట్రయల్స్‌లో చాలామందికి చర్మం పొడిబారింది. ఆశ్చర్యమేం లేదు. ఈ ఎంజైమ్ లేకుండానే పుట్టే మగపిల్లలు ఉంటారు. వాళ్ల చర్మంలో కొలెస్ట్రాల్ సల్ఫేట్ పేరుకుపోయి, ఒళ్లంతా చేప పొలుసుల్లా తయారవుతుంది. అంటే కణితికి సాయం చేసే ఎంజైమే చర్మాన్ని కాపాడుతోంది కూడా. ఒకచోట ఆపితే ఇంకోచోట తెలుస్తుంది. పెద్దమ్మ కీళ్ల నొప్పులూ ఆ లెక్కలోవే.

మర్నాడు ఇదంతా ఆవిడకి చెప్పాను. ఓపిగ్గా వింది.

"అయితే నా మాత్ర రెండు దారుల్లో ఒకదాన్నే మూస్తోందా?"

"అవును పెద్దమ్మా. మూసిన ఆ ఒక్కటీ నువ్వే తెరవకు. నొప్పుల సంగతి డాక్టర్‌కి చెబుదాం. ఇంకో మాత్రకి మార్చొచ్చేమో అడుగుదాం."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "నువ్వు కూడా వస్తావా?" అంది.

గురువారం వెళ్తున్నాం.